కాంతికి స్పందించే పాలిమర్లతో క్యాన్సర్ మందు: రసాయనం కంటే ముందు లోతు చూడండి

నెల్లూరులో ఎం.ఎస్సీ. రసాయనశాస్త్రం రెండవ సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి రెండు ప్రశ్నలు కలిపి పంపారు. కాంతి తగలగానే మందును వదిలే పాలిమర్ల (చిన్న అణువులు కలిసి కట్టిన పొడవైన గొలుసుల) మీద ప్రాజెక్టు చేయాలని ఉందనీ, చదివిన పత్రాలలో ఒక్కొక్కరు కాంతికి స్పందించే ఒక్కొక్క రసాయన సమూహాన్ని (అణువులోని భాగాన్ని) గొప్పగా చెబుతున్నారు కాబట్టి దేనిని ఎంచుకోవాలో తేలడం లేదనీ మొదటి ప్రశ్న. ఒంగోలు దగ్గర పల్లెలో ఉండే ఆమె మేనమామకు బుగ్గ లోపలి పొరలో క్యాన్సర్ ఉన్నట్లు తేలింది, ఆపరేషన్ చేసి ఆ తరువాత ‘కరెంటు పెట్టాలి’ అని డాక్టర్లు చెప్పారు, కోత లేకుండా ఈ కాంతి మందుతో నయం చేయించే వీలు ఎక్కడైనా ఉందా అన్నది రెండవ ప్రశ్న. ముప్పయ్యేళ్ళు పాలిమర్ల ప్రయోగశాలలో గడిపినవాణ్ణి కాబట్టి నాకు నిశ్చయంగా తెలిసిన మేరకు రాస్తున్నాను.

అమ్మా, ముందు మీ మేనమామ సంగతి చూద్దాం. ప్రాజెక్టు నెల ఆలస్యమైనా ఫరవాలేదు, నోట్లోని గడ్డతో అలా కుదరదు. కాంతి తగిలి కీమో మందును వదిలే పాలిమర్ ఏదీ ఈనాటికి ఆమోదం పొందిన చికిత్సగా ఆసుపత్రులకు చేరలేదు. మీరు చదివిన పత్రాలలో నయమైనవి చాలావరకు ఎలుకల గడ్డలు, అవి కూడా చర్మం కిందనే పెంచిన శనగగింజంత గడ్డలు. బుగ్గ క్యాన్సర్ కోసి తీయగలిగిన దశలో ఉంటే ఆపరేషనే మొదటి చికిత్స. తీసిన ముక్కనూ మెడలోని లింఫ్ గ్రంథులనూ పరీక్షించిన తరువాత అవసరాన్ని బట్టి రేడియేషన్ ఇస్తారు, కొందరికి దానితోపాటు సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు కూడా ఎక్కిస్తారు. మరొక డాక్టరు మాట కూడా వినాలనిపిస్తే నెల్లూరు రెడ్‌క్రాస్ క్యాన్సర్ ఆసుపత్రికి గాని, మనవాళ్ళు ఎప్పటినుంచో రైలెక్కి వెళ్ళే చెన్నై అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కు గాని రిపోర్టులు పట్టుకుని వెళ్ళండి, కాని ఆ తిరుగుడును వారాల తరబడి సాగనీయకండి.

‘కరెంటు పెట్టడం’ అన్న మాట వల్లనే మీ ఇంట్లో ఈ ఆశ పుట్టిందని నాకు అనుమానం. మన వైపు రేడియేషన్‌ను కరెంటు అంటారు, కొందరు లైటు పెట్టడం అని కూడా అంటారు, దానితో ఆ లైటు బదులు ఈ లైటు పెట్టించుకుంటే పోలేదా అనిపిస్తుంది. ఆ రెండూ ఒకటి కావు. రేడియేషన్ యంత్రం నుంచి వచ్చే ఎక్స్-కిరణాల శక్తిని లక్షల ఎలక్ట్రాన్ వోల్టులలో లెక్కిస్తారు, ఎర్ర కాంతి ఫోటాన్ (కాంతి రేణువు) శక్తి సుమారు 2 ఎలక్ట్రాన్ వోల్టులు మాత్రమే. ఎక్స్-కిరణం శరీరం లోతులకు దూసుకుపోయి కణంలోని డీఎన్ఏను తానే దెబ్బతీస్తుంది. ఎర్ర కాంతి తానుగా ఏ కణాన్నీ చంపదు, దానికి స్పందించే పదార్థం ముందుగా అక్కడికి చేరి ఉంటేనే పని జరుగుతుంది.

కాంతితో క్యాన్సర్ చికిత్స అనేది అసలే లేదని కూడా అనుకోకండి. ఫోటోడైనమిక్ చికిత్స అనే పద్ధతిలో పోర్ఫిమర్ సోడియం అనే మందును నరానికి ఎక్కించి, 40 నుంచి 50 గంటల తరువాత గడ్డ మీద 630 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న ఎర్ర లేజరును ప్రసరింపజేస్తారు. దీనికి 1993లో కెనడా, 1995లో అమెరికా ఆమోదం తెలిపాయి. ఆ మందు చర్మంలో నిలిచి ఉంటుంది కాబట్టి రోగి కనీసం నెల రోజులు ఎండ తగలకుండా ఉండాలి, ఒంగోలు చుట్టుపక్కల పొగాకు చేలల్లో బతికే మనిషికి ఆ నిబంధన ఎంత కష్టమో మీకు చెప్పనక్కరలేదు. 2020 సెప్టెంబరులో జపాన్, తల, మెడ క్యాన్సర్లకు మరొక రకమైన కాంతి మందును అనుమతించింది. సెటుక్సిమాబ్ అనే యాంటీబాడీకి ఒక రంగు అణువును కట్టి, గడ్డకు అది అంటుకున్న తరువాత 690 నానోమీటర్ల కాంతిని వేస్తారు. ఆ అనుమతి కోసి తీయడానికి వీలులేనివాటికి, తిరగబెట్టినవాటికి ఇచ్చినదే గాని, కోసి తీయగల గడ్డకు ఇచ్చినది కాదు. పైగా ఈ రెండింటిలోనూ పాలిమర్ తెరుచుకుని మందు బయటికి రావడం అనేది ఉండదు, రంగు అణువే ఆయుధం. కాబట్టి మీ మేనమామకు డాక్టర్లు చెప్పిన తేదీకే ఆపరేషన్ చేయించండి.

ఇక ప్రాజెక్టు. ఏ సమూహాన్ని ఎంచుకోవాలి అని మీరు అడిగారు, అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: మీరు వేయబోయే వెలుగు ఎంత లోతుకు చేరుతుంది? ఈ ఒక్క ప్రశ్నను చివరికి వాయిదా వేసుకోవడం వల్ల, చూడముచ్చటైన రసాయనం చేసి కూడా ఎందుకూ కొరగాకుండా పోయిన పని నేను చాలా చూశాను, కొంత నేనే చేశాను.

కొన్నేళ్ళ క్రితం అల్లూరు వైపు బంధువుల రొయ్యల గుంట గట్టు మీద నిలబడి ఉండగా, అక్కడ పనిచేసే పెద్దాయన తాడుకు కట్టిన నలుపు తెలుపు పలకను నీళ్ళలోకి మెల్లగా వదలడం చూశాను. దానిని సెక్కి డిస్క్ అంటారు, కన్నుకు కనబడకుండా పోయిన చోట తాడు మీద కొలత చూస్తారు. ఆ రోజు మోచెయ్యంత లోతు కూడా పోకముందే పలక మాయమైంది. “నీళ్ళు ఇట్టా చిక్కబడితే అడుక్కి ఎండ యాడ బోద్ది సార్” అన్నాడాయన. నడినెత్తిన సూర్యుడు మండుతున్నా నాచు పట్టిన నీటిలో 30, 40 సెంటీమీటర్లకే పలక కనబడకుండా పోతున్నప్పుడు, రక్తమూ కొవ్వూ మెలనినూ (చర్మానికి రంగునిచ్చే పదార్థమూ) నిండిన మాంసంలో వెలుగు గతి ఏమిటో ఊహించండి.

మాంసంలో వెలుగును అడ్డుకునేవి రెండు: పీల్చుకోవడం, చెదరగొట్టడం. రక్తంలోని హీమోగ్లోబిన్ 600 నానోమీటర్ల లోపు కాంతిని గట్టిగా పీల్చుకుంటుంది. మెలనిన్ తరంగదైర్ఘ్యం తగ్గిన కొద్దీ మరింత పీల్చుకుంటుంది కాబట్టి మన చామనఛాయ చర్మంలో అతినీలలోహిత కాంతికి దారి ఇంకా ఇరుకు. 900 దాటాక నీరే కాంతిని మింగడం మొదలుపెడుతుంది. ఈ మూడింటికీ మధ్య మిగిలిన సందు దాదాపు 650 నుంచి 900 నానోమీటర్ల వరకు. రాత్రిపూట ఫోను టార్చి మీద వేలు ఆనించి చూడండి, వేలు ఎర్రగానే వెలుగుతుంది, తక్కిన రంగులన్నీ రక్తమే మింగేసింది. 365 నానోమీటర్ల కాంతి ఒక మిల్లీమీటరు లోపే అణగిపోతుంది. ఎర్ర కాంతి ప్రతి 3 మిల్లీమీటర్లకు 37 శాతానికి పడిపోతుందని మోటు లెక్క వేసుకున్నా, 9 మిల్లీమీటర్ల దగ్గర 5 శాతం, 15 మిల్లీమీటర్ల దగ్గర 0.7 శాతం మిగులుతుంది.

ప్రకృతి ఇక్కడ ఒక మెలిక పెట్టింది. లోతుకు పోగల కాంతికి బంధాన్ని తెంచే బలం లేదు, తెంచగల కాంతి లోతుకు పోదు. 365 నానోమీటర్ల ఫోటాన్లు ఒక మోలుకు సుమారు 328 కిలోజౌళ్ళ శక్తి ఇస్తాయి, 650 దగ్గర అది 184, 808 దగ్గర 148 కిలోజౌళ్ళు. కార్బన్, ఆక్సిజన్ల మధ్య ఒంటి బంధం విలువ 350 ప్రాంతంలో ఉంటుందని మీ పాఠంలో చదివే ఉంటారు. ఈ రంగంలో వచ్చిన సమూహాలన్నీ, ఉపాయాలన్నీ ఈ మెలికను ఏదో ఒక పక్క నుంచి దాటాలని చేసిన ప్రయత్నాలే, ఆ దృష్టితో చదివితే మీకు పత్రాలలో గందరగోళం సగం తగ్గుతుంది.

మీ పత్రాలలో ఎక్కువ భాగం ఆర్థో-నైట్రోబెంజైల్ మీదనే ఉండి ఉంటాయి. దీని మూలం చాలా పాతది. 1901 నాటికే ఇటలీలోని బొలోన్యాలో చామిచాన్, సిల్బర్ అనే ఇద్దరు ఆర్థో-నైట్రోబెంజాల్డిహైడ్‌ను వెలుగులో పెట్టి, అది నైట్రోసోబెంజోయిక్ ఆమ్లంగా మారడం గమనించారు. వాళ్ళకు లేజర్లు, ఎల్ఈడీలు లేవు, సీసాలను మేడ మీద ఎండలో వరుసగా పెట్టుకునేవారు. 1970లో పాచోర్నిక్, అమిత్, వుడ్‌వార్డ్ ఇదే చర్యను, వెలుగుతో తొలగించగల రక్షక సమూహంగా (అణువులోని ఒక భాగాన్ని తాత్కాలికంగా కప్పి ఉంచేదిగా) వాడి చూపించారు. పాలిమర్ వాళ్ళు దానిని ఎస్టర్ బంధంగా గొలుసులో పొదిగారు. నీటిని ఇష్టపడే పాలిఇథిలీన్ గ్లైకాల్ ఒక పక్క, నీటిని ఇష్టపడని నైట్రోబెంజైల్ ఎస్టర్ల ముక్క మరొక పక్క ఉన్న గొలుసును నీటిలో వేస్తే, ఇష్టపడని భాగాలు లోపలికి ముడుచుకుని పదుల నానోమీటర్ల ఉండలు కడతాయి, అవే మైసెల్‌లు. పాక్లిటాక్సెల్ లాంటి నీటిలో కరగని మందు ఆ ఉండ నడుమ దాక్కుంటుంది. వెలుగు తగిలితే ఎస్టర్ తెగి, లోపలి గొలుసు కార్బాక్సిలిక్ ఆమ్లంగా మారి నీటిలో కరుగుతుంది, ఉండ విడిపోయి మందు బయట పడుతుంది. చర్య శుభ్రమైనది, వేగమైనది, మీ స్థాయి ప్రయోగశాలలో చేయదగినది. కాని దానికి కావలసింది 365 నానోమీటర్ల ప్రాంతం. తెగిన తరువాత మిగిలే నైట్రోసో పదార్థం పసుపు రంగుకు తిరిగి, ఆ కాంతినే పీల్చుకుంటూ లోపలి పొరలకు గొడుగు పడుతుంది. అది కణాలకు మంచి చేసే సరుకు కూడా కాదు.

ఈ సమూహంతో నేను పడిన పాట్లలో ఒకటి మీకు ఉపయోగపడుతుంది. డాక్సోరుబిసిన్ అనే ఎర్రటి క్యాన్సర్ మందు నింపిన మైసెల్‌లను చిన్న అణువులను మాత్రమే బయటికి వదిలే డయాలిసిస్ సంచిలో పోసి, పాదరసపు దీపం ముందు పెట్టి, గంట గంటకు బయటి నీళ్ళ ఎరుపు కొలుస్తూ పోయాము. అల్యూమినియం రేకు చుట్టిన సీసాలో రంగు దాదాపు మారలేదు, దీపం ముందున్న సీసా కుంకుమ కలిపినట్లు ఎర్రబడింది. సంతోషించి గ్రాఫు గీసుకున్నాము. రెండు వారాల తరువాత పక్క బల్ల మీది అబ్బాయి, నైట్రోబెంజైల్ లేకుండా అదే కొలతలో చేసిన పాలిమర్‌ను సరదాగా అదే దీపం ముందు పెట్టాడు. అది కూడా దాదాపు అంతే ఎర్రబడింది. థర్మామీటరు పెట్టి చూస్తే సీసాలోని నీరు 46 డిగ్రీలకు చేరి ఉంది. మేము కొలిచినది వెలుగు పని కాదు, దీపం వేడికి సడలిన మైసెల్ కారిపోవడం మాత్రమే. రేకు చుట్టిన సీసాను దీపానికి దూరంగా బీరువాలో పెట్టడం వల్ల ఆ సంగతి మాకు తెలియలేదు. అప్పటినుంచి రేకు చుట్టిన సీసాను దీపం పక్కనే, అదే నీటి తొట్టిలో పెట్టడం, స్పందించే సమూహం లేని జంట పాలిమర్‌ను ప్రతిసారీ కూడా నడపడం నియమంగా పెట్టుకున్నాను. డాక్సోరుబిసిన్‌తో మరొక చిక్కు కూడా ఉంది. గట్టి వెలుగులో అది తానే రంగు వెలిసిపోతుంది, కొంత డయాలిసిస్ పొరకూ గాజుకూ అంటుకుంటుంది. రంగు తగ్గితే మందు రాలేదనుకోవడం, పెరిగితే అంతా వెలుగు పనే అనుకోవడం రెండూ తొందరపాటే.

కౌమారిన్ సంగతి మన జిల్లా వాళ్ళకు తెలియకుండానే తెలుసు. పొదలకూరు మార్కెట్‌కు వెళ్ళే నిమ్మకాయలు కోసేవాళ్ళలో, ఎండలో నిమ్మరసం పిండేవాళ్ళలో కొందరికి చేతుల మీద ఒకటి రెండు రోజులకు ఎర్రటి మంట, ఆ తరువాత నెలల తరబడి పోని నల్ల మచ్చలు వస్తాయి. నిమ్మ తొక్కలోని ఫ్యూరోకౌమారిన్లు చర్మంలో ఇంకి, ఎండలోని అతినీలలోహిత కాంతి తగలగానే డీఎన్ఏలోని థైమిన్‌తో నాలుగు కార్బన్ల ఉంగరం కట్టుకోవడం వల్ల వచ్చే మచ్చలవి. పాలిమర్ వాళ్ళు వాడుకునేది సరిగ్గా ఈ ఉంగరాన్నే. 300 నానోమీటర్లకు పైబడిన అతినీలలోహిత కాంతిలో రెండు కౌమారిన్లు జంటకట్టి గొలుసులను కుట్టేస్తాయి, 254 ప్రాంతంలో ఆ కుట్టు విప్పుకుంటుంది. కుట్టడం, విప్పడం రెండూ బల్ల మీద అందంగా జరుగుతాయి. విప్పే కాంతి మాత్రం శరీరంలో వాడదగినది కాదు, అది డీఎన్ఏనే పాడుచేసే కాంతి.

అజోబెంజీన్ తెగదు, వంగుతుంది. తిన్నగా ఉన్న ట్రాన్స్ రూపంలో రెండు చివరి కార్బన్ల మధ్య 9 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరం ఉంటే, అతినీలలోహిత కాంతి తగిలి సిస్ రూపానికి వంగినప్పుడు అది 5.5కు తగ్గుతుంది, దాదాపు సున్నా ఉన్న ద్విధ్రువ భ్రామకం (అణువులో ధన, రుణ ఆవేశాలు ఎంత ఎడంగా ఉన్నాయో చెప్పే కొలత) 3 డిబైలకు పెరుగుతుంది. ఆ కదలికతో మైసెల్ పొందిక చెదిరి మందు కారుతుంది. నీలి కాంతి వేస్తే, లేదా ఊరకే ఉంచినా, మళ్ళీ తిన్నబడుతుంది. ఆర్థో స్థానాలు నాలుగింటిలోనూ మిథాక్సీ సమూహాలు పెడితే ఆకుపచ్చ, ఎరుపు కాంతులకు కూడా స్పందిస్తుంది కాబట్టి దీనికి భవిష్యత్తు ఉందని నా అభిప్రాయం. స్పైరోపైరాన్ కూడా ఇలాగే రూపం మార్చుకునేదే, కాని కొన్ని మార్లు తిప్పేసరికి అలసిపోతుంది. మందు పంపిణీకి నేను దానిని సిఫారసు చేయను.

లోతు చిక్కును దాటడానికి చేసిన ఉపాయాలు మూడు నాలుగు ఉన్నాయి. ఒకటి, రెండు ఎర్ర ఫోటాన్లను ఒకేసారి మింగించి ఒక అతినీలలోహిత ఫోటాన్ చేసే పని చేయించడం. ఇది సాధ్యమని మరియా గోపర్ట్-మేయర్ 1931లోనే సిద్ధాంతరీత్యా చూపారు. కాని దానికి అతి సూక్ష్మ క్షణాల మెరుపులు ఇచ్చే ఫెమ్టోసెకండు లేజరు కావాలి, పని జరిగేది ఆ లేజరు కూడుకున్న సూదిమొనంత చోటనే. సెంటీమీటరు గడ్డను అలా తుడవాలంటే ఎంతసేపు పడుతుందో లెక్క వేసుకోండి. రెండవది, యిటర్బియం, థూలియం కలిపిన సోడియం యిట్రియం ఫ్లోరైడ్ రేణువులను మైసెల్‌లో పెట్టి, 980 నానోమీటర్ల కాంతి వేసి, లోపలే నీలి, అతినీలలోహిత కాంతిని పుట్టించడం. ఆలోచన నిజంగా అందమైనదే. చిక్కంతా దిగుబడిలో ఉంది. వేసిన కాంతిలో ఒక శాతం తిరిగి వస్తే గొప్ప, అందులో అతినీలలోహితపు వాటా ఇంకా తక్కువ. పోనీ లేజరు బలం పెంచుదామంటే, 980 నానోమీటర్లను నీరే పీల్చుకుంటుంది కాబట్టి మాంసం ఉడుకుతుంది. ఆ తరంగదైర్ఘ్యం వద్ద చర్మానికి భద్రత పరిమితి చదరపు సెంటీమీటరుకు సుమారు 0.73 వాట్లు, 808 వద్ద సుమారు 0.33 వాట్లు. పత్రాలలో 1 వాటు, 2 వాట్లు వాడినట్లు కనిపిస్తే పక్కన పెన్సిలుతో గీత గీసుకోండి, అది ఎలుక భరించిందేమో గాని మనిషికి నేరుగా చెప్పదగిన ఫలితం కాదు.

మూడవది వెలుగును వేడిగా మార్చడం. బంగారు నానో కడ్డీలు గాని, 1959 నుంచి వైద్యంలో వాడుకలో ఉన్న ఇండోసయనిన్ గ్రీన్ రంగు గాని 800 ప్రాంతపు కాంతిని పీల్చుకుని చుట్టూ వేడి పుట్టిస్తాయి, ఆ వేడికి పాలిమర్ ముడుచుకుని మందును పిండేస్తుంది. ఎన్-ఐసోప్రొపైల్ అక్రిలమైడ్ పాలిమర్ 32 డిగ్రీల దగ్గరే ముడుచుకుంటుంది, మన శరీరం 37లో ఉంటుంది, కాబట్టి అక్రిలమైడ్ లాంటి నీటిని ఇష్టపడే మోనోమర్ కలిపి ఆ హద్దును 40 దాటించాలి. ఇందులో బంధం తెంచే బలం అవసరం లేదు కాబట్టి మెలిక కొంత తప్పుతుంది. అయితే వేడికి తెరుచుకునే మందు విషయంలో ఒక పాఠం ఇప్పటికే ఉంది. థర్మోడాక్స్ అనే, 40 డిగ్రీలు దాటితే డాక్సోరుబిసిన్ వదిలే కొవ్వు బుడగల మందు కాలేయ క్యాన్సర్‌పై మూడవ దశ పరీక్షలో లక్ష్యాన్ని అందుకోలేదని 2013లో తేలింది. తెరిచే తాళం బాగున్నంత మాత్రాన రోగి బతుకు పొడుగవుతుందన్న హామీ లేదు.

దీనికి మరొక కారణం కూడా ఉంది, మీ సాహిత్య సమీక్షలో అది తప్పక ఉండాలి. అంతకుముందు పదేళ్ళ పత్రాలను కూడగట్టి 2016లో చేసిన విశ్లేషణలో, నరానికి ఎక్కించిన నానోరేణువులలో గడ్డకు చేరేది మధ్యస్థంగా 0.7 శాతమేనని తేలింది. వెలుగు మందును గడ్డ దగ్గరికి తోలుకురాదు, వచ్చినదానిని విప్పుతుంది, అంతే. మరి విప్పడానికి ఇంత తాపత్రయం ఎందుకంటే, డాక్సోరుబిసిన్ లాంటి మందు గుండెను దెబ్బతీస్తుంది. జీవితకాలంలో మొత్తం మోతాదు చదరపు మీటరు దేహ వైశాల్యానికి 550 మిల్లీగ్రాములు దాటితే గుండె వైఫల్యం ముప్పు బాగా పెరుగుతుంది. దారిలో మూసి ఉండి, గడ్డ దగ్గర మాత్రమే తెరుచుకునే మందుకు విలువ అక్కడ వస్తుంది. కాబట్టి వెలుగులో ఎంత వదిలిందో గొప్పగా గీయడం కంటే, చీకట్లో ఎంత కారలేదో చూపించడమే మీ పనికి అసలు పరీక్ష.

నాలుగవ ఉపాయం నాకు అన్నిటికంటే నచ్చినది. ఎర్ర కాంతికి బంధాన్ని తెంచే బలం లేకపోతే, ఆక్సిజన్‌కు ఆ పని అప్పగించవచ్చు. ఎర్ర కాంతి పీల్చుకునే రంగు అణువు ఆ శక్తిని పక్కనున్న ఆక్సిజన్‌కు అందిస్తే అది సింగ్లెట్ ఆక్సిజన్ అనే చురుకైన రూపం పొందుతుంది. అమైనో అక్రిలేట్ లాంటి, ఎలక్ట్రాన్లు పుష్కలంగా ఉన్న జంటబంధాన్ని సింగ్లెట్ ఆక్సిజన్ ఇట్టే కొరికేస్తుంది. ఆ బంధంతో మందును పాలిమర్‌కు కట్టి ఉంచితే, ఎర్ర కాంతి పడిన చోట ముడి ఊడుతుంది. నీటిలో సింగ్లెట్ ఆక్సిజన్ ఆయుర్దాయం 3, 4 మైక్రోసెకండ్లు, కణంలో ఇంకా తక్కువ, కాబట్టి రంగు అణువు ముడి పక్కనే ఉండాలి. లోపాలు దీనికీ ఉన్నాయి. పెద్ద గడ్డల నడుమ ఆక్సిజన్ అసలే తక్కువ, చర్య సాగే కొద్దీ ఉన్నదీ అయిపోతుంది. అయినా నోరు, గొంతు, అన్నవాహిక, చర్మం లాంటి, వెలుగు నేరుగానో ఫైబర్ ద్వారానో చేరగల చోట్లకు ఇది పనికివచ్చే దారి. వెలుగు చేరని కాలేయపు నడుమ గడ్డ గురించి మీ పీఠికలో రాయకండి, పరీక్షకుడు అక్కడే పట్టుకుంటాడు.

మీకున్న ఆరు నెలలలో కొత్త పాలిమర్ చేసి, మందు కట్టి, కణాల మీద పరీక్షించి అంతా చేయాలనుకుంటే ఏదీ పూర్తి కాదు. నా సలహా ఇది. మిథిలీన్ బ్లూను రంగు అణువుగా తీసుకోండి. అది చవక, 664 నానోమీటర్ల దగ్గర బాగా పీల్చుకుంటుంది, సింగ్లెట్ ఆక్సిజన్ దిగుబడి సుమారు 0.5. వెలుగుకు 660 నానోమీటర్ల ఎల్ఈడీ చాలు, పాదరసపు దీపంలా ఉడకబెట్టదు, అయినా థర్మామీటరు మాత్రం తీయకండి. సింగ్లెట్ ఆక్సిజన్ తగిలితే రంగు పోయే డైఫినైల్ ఐసోబెంజోఫ్యూరాన్ 410 నానోమీటర్ల దగ్గర వెలిసిపోయే వేగాన్ని బట్టి సింగ్లెట్ ఆక్సిజన్ ఎంత పుడుతోందో ముందు తేల్చుకోండి. ఆ తరువాతే పాలిమర్‌కు కట్టిన ముడి ఊడడం కొలవండి. ఎల్ఈడీ బలాన్ని పవర్ మీటరుతో కొలిచి, వాట్లు, సెకండ్లు, చదరపు సెంటీమీటర్లు మూడూ రాయండి, ‘10 నిమిషాలు వెలుగు వేశాము’ అని మాత్రం రాయకండి. పోలిక కోసం నైట్రోబెంజైల్ నమూనాను 365లో నడిపితే, దానికి పొటాషియం ఫెర్రీఆక్సలేట్‌తో ఫోటాన్ల లెక్క తీయవచ్చు. ఆ కాంతి దగ్గర ఫెర్రీఆక్సలేట్ క్వాంటమ్ దిగుబడి (పీల్చుకున్న ఒక్కో ఫోటాన్‌కు జరిగే చర్య) సుమారు 1.2. ఎర్ర కాంతిని అది పట్టించుకోదు కాబట్టి ఆ ద్రావణం కలిపేటప్పుడు గదిలో ఎర్ర బల్బు పెట్టుకుంటే సరిపోతుంది.

ప్రాజెక్టుకు కొత్తదనం మాత్రం రసాయనంలో కంటే లోతు కొలవడంలో వెతకమంటాను. చాలా పత్రాలలో ఎల్ఈడీకీ నమూనాకూ మధ్య కోడి రొమ్ము ముక్క పెట్టి, ‘మాంసం గుండా కూడా పనిచేసింది’ అని రాస్తారు. కోడి రొమ్ము తెల్లటిది, దానిలో రక్తం దాదాపు లేదు, గడ్డకు అది సరైన పోలిక కాదు. మీరు కోడి రొమ్మునూ మేక కార్జాన్నీ పక్కపక్కన పెట్టి, 2, 5, 10 మిల్లీమీటర్ల ముక్కలుగా కోసి, రెండు గాజు పలకల మధ్య సమంగా నొక్కి, ఒక్కొక్క మందానికి ఎంత ముడి ఊడిందో కొలవండి. ఇదే అగర్‌లో పాలు కలిపి పోసిన బిళ్ళతో కూడా చేస్తే, వెలుగు చెదరడం వల్ల పోయిందెంత, రక్తం మింగిందెంత అన్నది విడదీసి చూపవచ్చు. కార్జం పొద్దున కొట్టు తెరవగానే తెచ్చి ఆ పూటే కొలవండి. ఫ్రిజ్‌లో పెట్టి మరునాడు కొలిస్తే, అందులోని హీమోగ్లోబిన్ కొంత మెట్‌హీమోగ్లోబిన్‌గా గోధుమరంగుకు మారి, 630 ప్రాంతంలో అదనంగా పీల్చుకుంటుంది, అప్పుడు నిన్నటి ముక్కకూ ఇవాళ్టి ముక్కకూ లెక్కలు కలవవు.